ఐదో వంతు ఎవరిది?

ఈ మార్చి నెలాఖరున అమెరికాలో 2026 బేస్‌బాల్ సీజన్ మొదలవుతోంది. ఆత్మకూరులోనో, అమరచింతలోనో, మక్తల్‌లోనో కూర్చుని రేడియో వినేవారికి ఈ కబురు ఎందుకని అడగవచ్చు. అడగడం న్యాయమే. మొదటి సంగతి, పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి వెళ్లిన పిల్లలు చాలామంది టెక్సస్ రాష్ట్రంలో డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వంటి ఊళ్లలో స్థిరపడ్డారు. ఆ ఊళ్లకు దగ్గర్లోనే, ఆర్లింగ్టన్‌లో, టెక్సస్ రేంజర్స్ జట్టు మైదానం ఉంది. రెండో సంగతి, ఆ జట్టు పిచర్లలో ఒకడి పేరు కుమార్ రాకర్. తల్లి లలిత. ఆమె తల్లిదండ్రులు ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికా వలస వెళ్లినవాళ్లు. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద పేరున్న ఆటగాడు. అమ్మమ్మగారిది మన వైపు అయినంత మాత్రాన మనవడు బాగా ఆడతాడని కాదు, అలాంటి మురిపెం ఈ ప్రసంగంలో ఉండదు. నేను చెప్పదలచుకున్నది వేరు. రేంజర్స్ పిచింగ్ బలాన్ని అందరూ మొదటి ఇద్దరు మొనగాళ్లను చూసి కొలుస్తున్నారు. నా లెక్కలో ఈ సీజన్ తేలేది ఐదో మనిషి దగ్గర, ఆరో మనిషి దగ్గర. ఆ ఐదో చోటు కోసం నిలబడ్డవాళ్లలో రాకర్ ఒకడు.

బేస్‌బాల్ ఎరగని వారికోసం రెండు మాటలు. క్రికెట్‌లో బౌలర్ లాంటివాడే ఇక్కడ పిచర్. పది అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలబడి, పరుగెత్తుకు రాకుండా, నిలుచున్న చోటి నుంచే ఒక్క అడుగు ముందుకు వేసి బంతి విసురుతాడు. బ్యాటరు ఉండేది 18.44 మీటర్ల దూరంలో, అంటే మన క్రికెట్ పిచ్ కంటే కాస్త తక్కువ. గంటకు 154 కిలోమీటర్ల వేగంతో వదిలిన బంతి అర సెకను కూడా గడవకముందే బ్యాటరు ముందుంటుంది. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ ఈ రోజుల్లో మొత్తం తొమ్మిదింటిలో ఐదారు ఇన్నింగ్స్, అంటే ఓ తొంభై, వంద బంతులు వేసి దిగిపోతాడు. మిగతా ఇన్నింగ్స్ బుల్‌పెన్ అనే వేరే దళం చూసుకుంటుంది. ఒకసారి వేసినవాడికి నాలుగైదు రోజులు విశ్రాంతి. జట్టు మాత్రం ఆరు నెలల్లో 162 మ్యాచ్‌లు ఆడాలి, దాదాపు రోజూ మ్యాచే. అందుకని ఐదుగురు పిచర్లను వరసగా పెట్టుకుని వంతుల మీద దింపుతారు. లెక్కప్రకారం ఒక్కొక్కరికి 32 మ్యాచ్‌లు వస్తాయి.

జూరాల ఆయకట్టు రైతుకు ఈ ఏర్పాటు విడమరచి చెప్పనక్కర్లేదు, ఇది వారబందీ. నీళ్లు తక్కువున్న యాసంగిలో కాలువను వంతులవారీగా వదులుతారు. అప్పుడు కాలువ బాగా పారుతోందా లేదా అన్నది తూము దగ్గర నిలబడి చూస్తే తేలదు. తూము దగ్గర ఎప్పుడూ నీళ్లుంటాయి. చివరి ఆయకట్టుకు పోయి చూడాలి. పిచర్ల వరసనూ అలాగే చూడాలంటాను. పత్రికలు, టీవీలు మొదటి పిచర్ బొమ్మ వేసి జట్టుకు మార్కులు ఇస్తాయి. కానీ ఆ మొదటి పిచర్ ఐదు రోజుల్లో ఒక్కరోజే ఆడతాడు. తక్కిన నాలుగు రోజులూ జట్టు వేరేవాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

2025 సీజన్ లెక్క తీద్దాం. ఆ ఏడు రేంజర్స్‌కు జేకబ్ డీగ్రామ్, నేథన్ ఇయోవాల్డీ, టైలర్ మాలీ అనే ముగ్గురు గట్టి పిచర్లు ఉన్నారు. పిచర్‌ను కొలిచే కొలత ఒకటుంది, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున తన బాధ్యత మీద ఎన్ని పరుగులు ఇచ్చాడన్నది. నాలుగు దాకా ఉంటే ఫర్వాలేదు, మూడు లోపు ఉంటే మొనగాడు. డీగ్రామ్‌ది 2.97, మాలీది 2.18, ఇయోవాల్డీది ఏకంగా 1.73. ఇలాంటి ముగ్గురు ఒకే జట్టులో ఉండడం అరుదు. మరి వాళ్లు ఎన్ని మ్యాచ్‌లు మొదలుపెట్టారు? డీగ్రామ్ 30. ఇయోవాల్డీ 22, ఆగస్టు చివర్లో భుజం కండరం పట్టేసి సీజన్ అక్కడితో ముగిసింది. మాలీ 16, జూన్‌లోనే భుజం నొప్పితో మూలపడ్డాడు. మొత్తం కలిపితే 68. మిగిలిన 94 మ్యాచ్‌లు, అంటే సగం కంటే బాగా ఎక్కువ, వేరేవాళ్లు మోశారు. వాళ్లలో ముఖ్యుడు ప్యాట్రిక్ కార్బిన్. సీజన్‌కు ముందు సాధన మ్యాచ్‌ల్లో పిచర్ జాన్ గ్రే మణికట్టుకు బంతి తగిలి ఎముక విరిగింది, మరో పిచర్ కోడీ బ్రాడ్‌ఫర్డ్‌కు మోచేయి నొప్పి పట్టుకుంది. అప్పుడు, ఇక వారంలో సీజన్ అనగా, ఏ జట్టూ అడగని కార్బిన్‌ను చవకగా తెచ్చుకున్నారు. 35 ఏళ్ల ఆ ఎడమచేతివాటం మనిషి గొప్పగా ఏమీ ఆడలేదు. కానీ వంతు వచ్చిన దాదాపు ప్రతిసారీ దిబ్బ ఎక్కాడు. ఆ జట్టు పిచింగ్ సగటు ఆ ఏడు ఈ జట్లన్నీ ఆడే మేజర్ లీగ్ మొత్తంలో మేలైనదిగా నిలిచిందంటే, అందులో కార్బిన్ వంటి కూలి మనిషి వాటా తక్కువేం కాదు.

అంతకు రెండేళ్ల వెనక్కి పోతే ఇంకా గట్టి సాక్ష్యం దొరుకుతుంది. 2022 డిసెంబరులో డీగ్రామ్‌ను ఐదేళ్లకు 18 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందంతో తెచ్చారు. 2023లో ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాడో లేదో మోచేయి పోయింది, జూన్‌లో ఆపరేషన్. జట్టు కథ ముగిసిందనుకున్నారు. బుల్‌పెన్‌లో కూర్చుని ఉన్న డేన్ డనింగ్ ఆ వంతు అందుకున్నాడు, ఆ ఏడు మొత్తం 12 మ్యాచ్‌లు గెలిచాడు. జులై చివర్లో పిచర్లు జోర్డన్ మాంట్‌గోమరీని, మ్యాక్స్ షెర్జర్‌ను ఇతర జట్ల నుంచి తెచ్చారు. ఆ ఏడే రేంజర్స్ తమ చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ ఫైనల్, గెలిచారు. అంత డబ్బు పోసి తెచ్చిన మొదటి పిచర్ లేకుండానే గెలిచారు!

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. సీజన్ ముగిశాక టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కు వెళ్లాక రోజుల మధ్య ఎడం ఎక్కువ ఉంటుంది, ముగ్గురు పిచర్లతో నెట్టుకురావచ్చు. 2023 ప్లేఆఫ్స్‌లో ఇయోవాల్డీ ఒక్కడే ఐదు మ్యాచ్‌లు గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. అలాంటప్పుడు ఐదోవాడి గొడవ ఎందుకు అంటారు. నిజమే, కానీ ముందు అక్కడికి చేరాలి కదా. అదే 2023లో రేంజర్స్, అదే డివిజన్‌లోని హ్యూస్టన్ జట్టు రెండూ 90 మ్యాచ్‌లు గెలిచి సమానంగా నిలిచాయి. ముఖాముఖి పోరులో పైచేయి హ్యూస్టన్‌ది కావడంతో డివిజన్ టైటిల్ వాళ్లకు పోయింది, రేంజర్స్ వైల్డ్ కార్డ్ అనే పక్కదారిలో దూరాల్సి వచ్చింది. ఏప్రిల్‌లోనో జూన్‌లోనో ఓడిన ఒక్క మ్యాచ్ విలువ సీజన్ చివరి రోజున తెలిసింది. ఆ ఏప్రిల్ మ్యాచ్ ఏ మొనగాడిదో కానక్కర్లేదు, చాలాసార్లు ఐదోవాడిదే అవుతుంది.

రెండో ఆక్షేపణ మనవాళ్లకు బాగా తడుతుంది. వందకు లోపు బంతులు వేసి నాలుగు రోజులు పడుకోవడమేమిటి, ఇది గారాబం కాదా? 2025లో ఇంగ్లండ్‌లో మన హైదరాబాద్ మహమ్మద్ సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్‌లో ఐదో రోజు పొద్దున వచ్చి ఆరు పరుగుల తేడాతో మ్యాచ్ లాగేశాడు. బుమ్రాకు మూడు టెస్టులే అని ముందే గిరి గీసుకున్నారు, భారత్ గెలిచిన రెండు టెస్టుల్లోనూ బుమ్రా లేడు. దీన్ని చూపించి విశ్రాంతి లెక్కలన్నీ ఒట్టివే అనేవాళ్లున్నారు. నేను మరోలా చూస్తాను. అదే సిరీస్‌లో ఎడ్జ్‌బాస్టన్ టెస్టులో బుమ్రా ఆడనప్పుడు ఆకాశ్ దీప్ పది వికెట్లు తీశాడు. అంటే ఆ గెలుపు చెప్పేది బుమ్రా అక్కర్లేదని కాదు. అతని వంతులో దిగడానికి ఒక ఆకాశ్ దీప్ సిద్ధంగా ఉన్నాడని.

గారాబం మాట రేంజర్స్‌లోనూ కొత్తది కాదు. నోలన్ రయన్ ఆ జట్టుకు ఆడినవాడే. కెరీర్ మొత్తంలో 5,714 స్ట్రైకౌట్లు చేశాడు, అంటే అన్నిసార్లు బ్యాటరును బంతి కొట్టనివ్వకుండా అవుట్ చేశాడు, ఇప్పటికీ ఎవరూ దాని దరిదాపుల్లో లేరు. 44వ ఏట, 1991 మే 1న, ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్ వేశాడు, అది అతనికి ఏడోసారి. తరవాత అదే జట్టుకు అధ్యక్షుడై, బంతుల లెక్క పెట్టుకుని పిచర్లను దింపేసే పద్ధతిని బాహాటంగా ఎదిరించాడు. ఆయన హయాంలోనే 2010లో, 2011లో వరుసగా జట్టు వరల్డ్ సిరీస్‌కు చేరింది కూడా. కాబట్టి ఆ వాదనకు బలం లేదనలేం. అయితే రయన్ ఒక్కడు. ఆయనలా వేయబోయి రెండు మూడేళ్లకే చేయి పోగొట్టుకున్నవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. చివరికి 1993 సెప్టెంబరులో, 46వ ఏట, సియాటిల్‌లో మ్యాచ్ వేస్తుండగా ఆయన మోచేతి లిగమెంటే తెగింది, ఆట అక్కడితో ఆగింది.

ఆ లిగమెంటు సంగతి కొంచెం చూడాలి. మోచేతి లోపలివైపు, చేతి ఎముకను ముంజేతి ఎముకతో పట్టి ఉంచే చిన్న నరంలాంటి పట్టీ అది. క్రికెట్ బౌలర్ మోచేయి 15 డిగ్రీలకు మించి సాగదీయకూడదు, పరుగు వేగం, నడుము, భుజం కలిసి భారం మోస్తాయి. పిచర్‌కు ఆ నిబంధన లేదు. మోచేయి వంచి, కొరడా ఝళిపించినట్టు విదిలిస్తాడు, ఆ విదిలింపు బరువంతా ఆ పట్టీ మీదే పడుతుంది. 1974లో లాస్ ఏంజలెస్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్‌కు ముంజేతిలోని మరో స్నాయువు తీసి అక్కడ కట్టాడు. ఆ మనిషి తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు, ఆపరేషన్‌కు ఆయన పేరే నిలిచింది. ఇప్పుడది సర్వసాధారణం. డీగ్రామ్‌కు రెండుసార్లు, ఇయోవాల్డీకి రెండుసార్లు, మాలీకి ఒకసారి, రాకర్‌కు ఒకసారి జరిగింది. తేరుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ తానే విడుదల చేసిన అధ్యయనం కారణం దాచలేదు. పిచర్లు ప్రతి బంతినీ ఉన్న బలమంతా పెట్టి వేస్తున్నారు, వేగం ఏటికేడు పెరుగుతోంది, చేతులు ఓర్చుకోలేకపోతున్నాయి.

అయితే వంతుల పద్ధతి ఉన్నా గాయాలు పెరుగుతూనే ఉన్నాయి కదా, మరి దాని ప్రయోజనమేమిటి? నా వాదనకు ముడి ఇక్కడే ఉంది. వంతులు చేతుల్ని కాపాడతాయని చాలామంది అనుకుంటారు. అంతగా కాపాడవు. అవి కాపాడేది సీజన్‌ను. ఎవరో ఒకరి చేయి పోతుందని ముందే లెక్కేసుకుని, పోయినప్పుడు వరస తెగకుండా చూసుకోవడమే ఆ ఏర్పాటు. అలా చూస్తే ఐదుగురు చాలరు, ఎనిమిది మందైనా కావాలి.

ఇంకొక ఆక్షేపణకు జవాబు చెప్పకుండా ముందుకు పోతే మోసం అవుతుంది. 2025లో లీగ్ మొత్తంలో మేలైన పిచింగ్ ఉండి కూడా రేంజర్స్ 81 గెలిచి 81 ఓడారు. పిచింగే సర్వం అయితే ఇలా ఎందుకయింది? బ్యాటింగ్ కూలిపోవడం వల్ల. ఇది ఒప్పుకోవాలి, పిచర్లు పరుగులు ఆపగలరు, చేయలేరు. జట్టు యాజమాన్యం కూడా అదే గ్రహించింది. సీజన్ ముగిశాక తన ఆటగాడు మార్కస్ సెమియన్‌ను న్యూయార్క్ మెట్స్‌కు ఇచ్చి బ్యాటర్ బ్రాండన్ నిమ్మోను తెచ్చుకుంది, మేనేజర్ బ్రూస్ బోచీ స్థానంలో స్కిప్ షూమేకర్ వచ్చాడు. కానీ ఒకటి గమనించండి. మేజర్ లీగ్‌లో రేంజర్స్ ఉండే సగభాగమైన అమెరికన్ లీగ్‌లో 87 గెలుపులతో డెట్రాయిట్ చివరి స్థానం పట్టి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. రేంజర్స్‌కు తక్కువైనవి ఆరు. బ్యాటింగ్ అంత చెడినా ఆరు గెలుపుల దూరంలో ఆగారంటే పిచింగ్ పట్టుకోవడం వల్లనే.

ఇక కుమార్ రాకర్ దగ్గరికి వద్దాం. 1999 నవంబరులో పుట్టాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాదే, 2019 జూన్‌లో, డ్యూక్ యూనివర్సిటీకి ఒక్క హిట్ ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు చేశాడు, ఆ ఏడు వాండర్‌బిల్ట్ కళాశాలల టైటిల్ గెలిచింది. అక్కడి నుంచి దారి నేరుగా ఉండాల్సింది. 2021లో, జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మెట్స్ పదోవాడిగా ఎంచుకుని 60 లక్షల డాలర్లకు మాట కుదుర్చుకుంది, వైద్య పరీక్ష చూశాక సంతకం పెట్టకుండా వదిలేసింది. భుజానికి చిన్న ఆపరేషన్ చేయించుకుని, ఏ పెద్ద జట్టుకూ చెందని ఫ్రాంటియర్ లీగ్‌లో కొన్నాళ్లు ఆడాడు. 2022లో రేంజర్స్ మూడోవాడిగా ఎంచుకుని 52 లక్షలు ఇచ్చింది. 2023 మేలో మోచేయి పోయింది. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో తొలి మ్యాచ్, నాలుగు ఇన్నింగ్స్, ఒక్క పరుగు, ఏడు స్ట్రైకౌట్లు. 2025లో వరసలో చోటు దక్కింది, ఏప్రిల్‌లో భుజం నొప్పి, ఆగస్టులో కింది స్థాయి జట్టు రౌండ్‌రాక్‌కు పంపేశారు. 14 మ్యాచ్‌లు మొదలుపెట్టి 4 గెలిచాడు, 5 ఓడాడు, సగటు ఐదున్నర దాటింది.

ఈ అంకెలు బాగా లేవు, వాటికి మెరుగు పూయలేను. అసలు లోపం ఎక్కడంటే, అతని ఆయుధం స్లైడర్, సూటిగా వస్తున్నట్టే ఉండి చివర్లో పక్కకు జారి కిందికి దిగే బంతి. దాన్ని బ్యాటర్లు ఇప్పటికీ అందుకోలేరు. వేగపు బంతికి మాత్రం వేగం ఉండీ దెబ్బలు తప్పడం లేదు. బుల్‌పెన్ పిచర్‌కైతే ఒక్క బంతితో పని గడుస్తుంది, ఎదురయ్యే బ్యాటరు ఆ రోజు మళ్లీ రాడు. మ్యాచ్ మొదలుపెట్టేవాడు అదే బ్యాటరును రెండోసారి, మూడోసారి ఎదుర్కోవాలి. మొదటిసారి చూసి నేర్చుకున్నవాడు రెండోసారి స్లైడర్‌ను వదిలేసి వేగపు బంతి కోసం కాచుకుంటాడు. అందుకే కొందరు విశ్లేషకులు రాకర్‌ను బుల్‌పెన్‌కు మార్చమంటున్నారు. నేను కాదంటాను. అక్కడ రోజుకు పదిహేను, ఇరవై బంతులు వేస్తూ మే నెల దాకా గడిపినవాణ్ని, ఎవరో గాయపడ్డారని హఠాత్తుగా తెచ్చి తొంభై బంతులు వేయమంటే వేయలేడు. రౌండ్‌రాక్‌లోనైనా సరే, ఐదు రోజులకోసారి దిబ్బ ఎక్కిస్తూ ఉంచాలి.

ఎందుకంటే ఆ అవసరం తప్పక వస్తుంది. ఈ ఏటి వరస చూడండి. డీగ్రామ్‌కు జూన్‌లో 38 నిండుతాయి. ఇయోవాల్డీకి 36. మాలీ వేరే జట్టుకు పోయాడు. జనవరిలో వాషింగ్టన్ నుంచి ఎడమచేతి పిచర్ మెకెంజీ గోర్‌ను తెచ్చుకున్నారు, అది మంచి పని. రాకర్‌తో పాటు వాండర్‌బిల్ట్‌లో ఆడిన జాక్ లైటర్ 2025లో 10 గెలిచి నిలదొక్కుకున్నాడు. నా అంచనాలో గోర్, లైటర్ కలిసి అరవై మ్యాచ్‌లు మొదలుపెడతారు. ఇద్దరు పెద్దవాళ్ల నుంచి యాభై, యాభై ఐదుకు మించి ఆశించడం అత్యాశ. అంటే దాదాపు యాభై మ్యాచ్‌లు ఇంకా మిగిలే ఉంటాయి. కాగితం మీద ఐదో పిచర్‌కు ఐదో వంతే, నిజంలో సీజన్‌లో మూడో వంతు దాకా అతనూ అతని వెనకవాళ్లూ మోయాలి. మొదట్లో ఆ చోటు 2025లో బుల్‌పెన్ నుంచి వచ్చి బాగా వేసిన ఎడమచేతి జేకబ్ లాట్జ్‌కు ఇవ్వడం సబబు. కానీ జూన్ వచ్చేసరికి రాకర్‌కు పని పడుతుంది. ఆ యాభై మ్యాచ్‌ల్లో సగం గెలిస్తే రేంజర్స్ ఈసారి ప్లేఆఫ్స్‌లో ఉంటారు. ఇరవై దగ్గర ఆగితే, డీగ్రామ్ ఎంత బాగా వేసినా 81 దగ్గరే మళ్లీ ఆగుతారు. నా మొగ్గు మొదటిదాని వైపే, అయితే అది పూర్తిగా బ్యాటింగ్ కాస్త కుదుటపడుతుందన్న నమ్మకం మీద.

డాలస్ వైపు పిల్లలున్నవాళ్లు ఈసారి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు రేంజర్స్ గురించి అడగండి. ఏ రోజు ఎవరి వంతో లీగ్ ముందుగానే ప్రకటిస్తుంది. కుమార్ రాకర్ పేరు పడిన రోజు అక్కడ రాత్రి 7 గంటల 5 నిమిషాలకు మ్యాచ్ అంటే, వేసవి కాలమానం ప్రకారం మనకు మరుసటి రోజు తెల్లవారుజామున 5 గంటల 35 నిమిషాలు. మొదటి రెండు ఇన్నింగ్స్ ఎలా ఉన్నా ఫర్వాలేదు, నాలుగో ఇన్నింగ్స్‌లో అదే బ్యాటరు రెండోసారి వచ్చినప్పుడు చూడండి.